పేలపిండి

హల్ రేవులో చలి తడిగా ఉంటుంది,
ఇంకా ఆరని కలపలా.
మా ఆఫీసు ఒక పాత కలప గోదాము పై అంతస్తు.
ఒకప్పుడు ఇక్కడ బాల్టిక్ పైన్ దుంగల్ని కొలిచేవారట,
గోడకి ఇప్పటికీ ఇనుప కొలబద్ద వేలాడుతోంది.
నేను కొలిచేది నరకని చెట్లని.

బోర్నియోలో ఒక కంపెనీ.
ముప్పై ఏళ్లు అడవిని కోసి అమ్మింది.
ఇప్పుడు కొయ్యకుండా అమ్ముతానంటోంది.
కొనేవాళ్లు లీడ్స్‌లో ఉన్నారు,
విమానాల వాళ్లు, బిస్కెట్ల వాళ్లు,
తమ పొగకి ఎవరైనా ఊపిరి అద్దెకిస్తారేమోనని చూస్తూ.
మధ్యలో నా సంతకం.

నాది ఒకటే ప్రశ్న:
ఈ డబ్బు రాకపోతే ఈ చెట్టు పడేదా?
పడేదే అయితే టన్నుకి ఇంత.
ఎలాగూ పడదంటే సున్నా.

పద్నాలుగో బ్లాకు. నిట్టనిలువు వాలు.
మ్యాపులో ఎత్తు గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.
దారి లేదు, ట్రాక్టరు ఎక్కదు.
ఎవడూ నరకలేని చోటుని
దయతలచి వదిలేశామని రాశారు.
నవ్వొచ్చింది. పైకే అనేశాను:
గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం.

పక్క బల్ల దగ్గర మార్జరీ ఏమిటని అడిగింది.
పేలాలంటే చెప్పాను, పిండంటే చెప్పాను.
గాలి ఆమెకి తెలుసు, హంబర్ మీంచి రోజూ వస్తుంది.
కృష్ణుడి దగ్గర ఆగిపోయాను.
"అంటే, క్రెడిట్లు కొనేవాడా?" అంది.
కాదన్నాను.
టీ చల్లారాక, అవునేమో అన్నాను.

బ్లాకు పద్నాలుగు, సున్నా.
పదకొండు వేల టన్నులు ఒక్క గీతతో.

మూడు వారాలకి జవాబొచ్చింది.
కంపెనీ నుంచి కాదు,
మాకోసం అక్కడ చెట్ల చుట్టుకొలతలు తీసే
డింగ్ లావాయ్ నుంచి.

"అమ్మా, వాలు నిజమే.
మీ మ్యాపు అబద్ధం చెప్పలేదు.
తొంభై ఏడులో పైనుంచి ఇనుప తాళ్లు కట్టి
దుంగల్ని కిందికి లాగడానికి వచ్చారు.
తాడు తెగి మా బావ నడుము విరిగింది.
మర్నాడు మా ఆడవాళ్లు వాలు కింద పొయ్యిలు పెట్టారు.
పదకొండు నెలలు అక్కడే వండారు.
తాళ్లు వెనక్కి వెళ్లాయి.
నరకలేని చోటని రాశారు మీరు.
నరకనివ్వని చోటని రాయగలరా?
డబ్బు కంపెనీకే పోతుందని తెలుసు.
మాట కోసం అడుగుతున్నా."

ఫారం అటూ ఇటూ తిప్పాను.
వాలుకి గడి ఉంది. వానకి, నేల రకానికి ఉంది.
పదకొండు నెలల వంటకి లేదు.
పైగా నిబంధన అతనికే ఎదురు తిరుగుతుంది:
ముందే కాపాడుకున్నది కొత్తగా కాపాడినట్టు కాదు.
అంటే, ఆ పొయ్యిలు వెలగకపోయి ఉంటే
ఆ వాలు ఇవాళ ధర పలికేది.
మొద్దులు మిగిల్చినవాడికి మానినందుకు కూలి,
మొదటే అడ్డుపడ్డవాళ్లకి నా ఎర్ర సిరా.
లెక్కలో తప్పుందేమోనని
మళ్లీ కూడి చూశాను.
సరిగ్గానే వచ్చింది. అదే బాధ.

వ్యాఖ్యల గడిలో రెండు వందల అక్షరాలకి మించకూడదు.
పొయ్యిలు పట్టాయి. బావ పట్టలేదు.
సున్నా సున్నాగానే ఉంది.

సాయంత్రం కింద యార్డులో లారీ దించుతున్నారు.
మెరాంటీ పలకలు, ఎర్రగా,
కోసిన అంచున అదే కంపెనీ ముద్ర.
మేం లెక్కగట్టిన బ్లాకులవి కావు, పక్కవి.
కాగితాలన్నీ సక్రమం.
తడిమితే అరచేతికి పొడి అంటింది.
రంగు వేరు, మెత్తదనం అదే.

గాలి వీస్తోంది.
పిడికిలి మూసుకుని స్టాపు దాకా నడిచాను.
బస్సులో కార్డు చూపించడానికి
ఆ చెయ్యే తెరవాల్సి వచ్చింది.